ఊరగాయల జాతీయీకరణ

పోటీ పరీక్షల పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి కనబడితే చాలు, "మీ దగ్గర చదివినవాళ్ళలో ఎంతమంది కలెక్టర్లయ్యారండీ?" అని అడుగుతారు. ఉన్నమాట చెప్పేస్తాను. కలెక్టర్లయినవాళ్ళు నన్ను మరచిపోయారు. కానివాళ్ళు మాత్రం ఇప్పటికీ ఫోన్లు చేస్తుంటారు. చేసి, నేను చెప్పిన పాఠాల గురించి ఒక్క ముక్క మాట్లాడరు. "మేడమ్, ఆ ఊరగాయల గొడవ గుర్తుందా?" అని నవ్వడం మొదలుపెడతారు. నా ఉద్యోగ జీవితమంతా కలిపి నలుగురికీ గుర్తున్నది అదొక్కటే కాబట్టి, ఆ గొడవేమిటో నేనే రాసి పెడితే మంచిదనిపించింది. ఇప్పుడు ఢిల్లీలో ఆ ఇరుకు గదుల్లో కూర్చుని "ప్రభుత్వము అనగానేమి" అని బట్టీపడుతున్న పిల్లలారా, ఇది మీకోసమే. పరీక్షకు పనికిరాదు, ముందే చెబుతున్నాను.

నాది తణుకు దగ్గర ఊరు. అక్కడ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకుంటున్నదాన్ని, మా ఆయనకు బదిలీ అయితే ఢిల్లీ వచ్చాను. బేర్ సరాయ్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. అందరికీ పెద్ద పెద్ద సబ్జెక్టులు ఇచ్చి, నాకు మాత్రం మొదటి రెండు నెలల పాఠాలు అప్పజెప్పారు. ప్రభుత్వాల రకాలు, ఆర్థిక వ్యవస్థల రకాలు. రాచరికం, ప్రజాస్వామ్యం, పెట్టుబడిదారీ విధానం, సామ్యవాదం, మిశ్రమ ఆర్థిక వ్యవస్థ. పెళ్ళిలో మంచినీళ్ళు అందించే పని ఎలాంటిదో కోచింగులో ఈ పాఠాలు అలాంటివి. అవి లేకపోతే గొడవ అవుతుంది గానీ, ఉన్నాయని ఎవరూ మెచ్చుకోరు.

పిల్లలకు నిర్వచనాలన్నీ నాకంటే బాగా వచ్చు. అదే నా బాధ. ఆ రోజు కూడా ఎప్పటిలాగే అడిగాను.

"పెట్టుబడిదారీ వ్యవస్థ అంటే ఏమిటమ్మా?"

ముందు వరసలో కరీంనగర్ అమ్మాయి లేచింది. చురుకైన పిల్ల. లేచిందంటే సమాధానం చెప్పకుండా కూర్చోదు, చెప్పాక కూడా అంత తేలిగ్గా కూర్చోదు.

"ఉత్పత్తి సాధనాలు ప్రైవేటు యాజమాన్యంలో ఉండి, లాభాపేక్ష ప్రేరణగా, ధరల యంత్రాంగం ద్వారా వనరుల కేటాయింపు జరిగే వ్యవస్థ మేడమ్."

"బాగుంది. అలాంటిది ఎక్కడైనా చూశావా?"

"అమెరికా మేడమ్."

"నువ్వు చూశావా?"

"నేనేడ చూసిన మేడమ్, పుస్తకంల ఉంది."

నాకు ఒళ్ళు మండింది. నా కోపం సంగతి తెలిసినవాళ్ళు వెనక వరసలో ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు. "అమెరికా దాకా ఎందుకు? రోజూ మధ్యాహ్నం మీ కళ్ళముందే ఉంది కదా, మెస్సులో కిటికీ దగ్గర అరలో!" అన్నాను.

ఆ మెస్సు గురించి కొంచెం చెప్పాలి. మా సెంటర్‌కు పక్కపేట కటవారియా సరాయ్‌లో ఒక సన్నటి సందు. ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు గోడకు అతుక్కోవాలి. అక్కడ ఒక బిల్డింగు కింది అంతస్తులో శ్రీకాకుళం ఆవిడ తెలుగు పిల్లలకు మెస్సు నడిపేది. భర్త క్యాబ్ తోలతాడు. కూతురు అక్కడే స్కూల్లో పదో తరగతి. అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. మెస్సావిడను అందరూ ఆంటీ అనేవాళ్ళు. వయసులో ఆవిడకంటే పెద్దదాన్నయినా నేను కూడా ఆంటీ అనే పిలిచేదాన్ని. ఢిల్లీలో వరసలన్నీ అంతే. పొద్దున క్లాసుకూ సాయంత్రం క్లాసుకూ మధ్య ద్వారకలో ఉన్న మా ఇంటికి వెళ్ళి రాలేక, మధ్యాహ్నం భోజనం నేనూ అక్కడే చేసేదాన్ని.

ఆంటీ అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు పెడుతుంది. ఊరగాయ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. అది మొదటినుంచీ ఆ మెస్సులో ఆచారం. కిటికీ దగ్గర అరలో సీసాలు, మూతలకు అంటించిన ప్లాస్టర్ ముక్కల మీద పేర్లు. అందులో ఒక వరస మొత్తం గుంటూరు అబ్బాయిది. ఆవకాయ, మాగాయ, గోంగూర, దోసావకాయ, పండుమిరప. వాళ్ళమ్మ పంపుతూనే ఉంటుంది. వాడు సీసా తెరిస్తే ఘాటు వీధి దాకా వచ్చేది. ఊరినుంచి ఏమీ రానివాళ్ళు పప్పన్నం కలుపుకుంటూ ఆ సీసాల వంక చూసేవాళ్ళు. వాడు ఇచ్చేవాడే గానీ, ఎవరికి ఇవ్వాలో వాడి ఇష్టం.

ఇదే క్లాసులో చెప్పాను. "ఎవరి సీసా వాళ్ళది. ఇష్టమైతే పెడతాడు, కాదంటే మూత పెట్టేస్తాడు. గుడ్డు ఇస్తేనే గరిటెడు గోంగూర అంటే ఒప్పుకోవాల్సిందే. ఇది పెట్టుబడిదారీ విధానం. సీసాలన్నీ తెచ్చి మధ్యలో పెట్టి, మనిషికి ఇంత అని పంచితే సామ్యవాదం. ఆ పంచేది ఎవరు, ఆ గరిటె వాళ్ళ చేతికి ఎవరిచ్చారు అనేదే ప్రభుత్వం." ఆ బ్యాచ్‌లో మొదటిసారి క్లాసంతా నవ్వింది. వెనక వరస కూడా నోట్సు రాసుకుంది. ఇంత బాగా చెప్పానేమిటా అని నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికి వెళ్ళాను.

మర్నాడు మధ్యాహ్నం మెస్సుకు వెళ్ళేసరికి కిటికీ అర ఖాళీ. సీసాలన్నీ నడిమి బల్ల మీద బారులు తీరి ఉన్నాయి. పేర్లున్న ప్లాస్టర్లు పీకేసి ఉన్నాయి. గోడమీద తెల్లకాగితం: ఊరగాయల జాతీయీకరణ తీర్మానం, మెజారిటీ ఓటుతో ఆమోదం.

"మీరే చెప్పిన్రు కద మేడమ్" అంది కరీంనగర్ అమ్మాయి, మెరిసే కళ్ళతో. "ఓటింగ్ పెట్టినం. సీసాలు లేనోళ్ళే ఎక్కువున్నరు. పాసైంది."

గుంటూరు అబ్బాయి ఒక మూల కూర్చున్నాడు, భూములు పోయిన జమీందారులాగా.

"ఏందండీ మేడమ్ ఇది? మా అమ్మ ఎండలో నిలబడి ముక్కలు కోసింది. వీళ్ళు చేతులెత్తారు, అయిపోయింది!"

"ఉదాహరణగా చెప్పానురా, చేయమని చెప్పలేదు" అన్నాను. కానీ నా గొంతులో నాకే గట్టిదనం వినిపించలేదు. ఎందుకంటే లోలోపల నాకు తెగ సరదాగా ఉంది. ఎకనామిక్స్ చెప్పేవాళ్ళకు ప్రయోగశాల ఉండదు. రసాయనశాస్త్రం వాళ్ళకుండే ఆ భాగ్యం నాకు ఊరగాయల రూపంలో వచ్చిందనుకున్నాను.

ఆ మొదటి రోజులు పండగే. మెస్సంతా ఎర్రెర్రగా ఉండేది. కరీంనగర్ అల్లంవెల్లుల్లి మామిడి తొక్కు, కడప పండుమిరప కారం, గుంటూరు సరుకు మొత్తం. ఇద్దరు ముగ్గురు పప్పు కూడా మానేసి అన్నంలో ఊరగాయలే కలుపుకున్నారు. ఒక్క సీసా మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆ మెస్సులో తెలుగురాని వాడు ఒకడుండేవాడు. బీహార్ అబ్బాయి. మన పప్పుచారు రుచి మరిగి చేరాడు. వాళ్ళ నాన్నమ్మ పెట్టిన ఆవనూనె మిరపకాయ ఊరగాయను కూడా జాతీయం చేశారు. నూనె వాసనకు ఒక్కడూ దాని దగ్గరకు పోలేదు. జాతీయం చేసినందుకు కాదు, తిననందుకు అతను మనసు కష్టపెట్టుకున్నాడు పాపం.

తర్వాత మాగాయకు బూజు పట్టింది.

తెలుగువాళ్ళకు ఇది ఎంత పెద్ద విషయమో నేను వివరించనక్కరలేదు. ఎవరో తడి గరిటె పెట్టారు. ఎవరి సీసా వాళ్ళదిగా ఉన్నన్నాళ్ళూ గరిటె తుడవకుండా సీసాలో పెట్టినవాడు ఒక్కడూ లేడు. అందరి సీసా అయ్యాక తుడవాల్సిన పని పక్కవాడిదైంది. ఉమ్మడి ఆస్తికి పట్టే గతి గురించి పుస్తకాల్లో పచ్చికబయళ్ళనీ గొర్రెలనీ ఉదాహరణలు ఉంటాయి. వాటిని పక్కన పడేసి ఆ సాయంత్రం నేను క్లాసులో మాగాయ సీసా గురించే చెప్పాను. చప్పట్లు కొట్టారు. పక్క బ్యాచ్‌వాళ్ళు కూడా వచ్చి నిలబడి విన్నారు. గుంటూరు అబ్బాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు.

తడి గరిటె ఎవరిదో తేల్చడానికి విచారణ కమిషన్ వేశారు. కడప అబ్బాయిని కమిషనర్ని చేశారు. నిదానస్తుడు, మాట తక్కువ. రెండు పూటలు అందరినీ ప్రశ్నించి నివేదిక ఇచ్చాడు. గరిటె తడిగా ఉండటం వాస్తవమేననీ, దాన్ని పెట్టినవాడు మెస్సు సభ్యుల్లోనే ఒకడై ఉండవచ్చుననీ, మరింత లోతైన అధ్యయనం అవసరమనీ అందులో తేల్చాడు. అంత చక్కటి ప్రభుత్వ నివేదిక నేను మళ్ళీ చదవలేదు. దాంతో అతన్నే ఊరగాయల ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఊరినుంచి పార్సిల్ వస్తే అతనికి చూపించాలి. మనిషికి పూటకు ఒక్క చెంచా.

ఇంకేముంది, సీసాలు అజ్ఞాతంలోకి పోయాయి. లావుపాటి చరిత్ర పుస్తకాల వెనక ఒకటి, షూ డబ్బాలో ఒకటి, హెల్మెట్‌లో ఒకటి. డాబా మీద చీకటి బజారు మొదలైంది. గోంగూర చెంచాకు రెండు ఉడికించిన గుడ్లు. ఆవకాయ ముక్కకు ఒక మోడల్ ఆన్సర్. సోదాకు వెళ్ళిన కడప అబ్బాయి చొక్కా మీద నూనె మరక కనబడిందని ఒకరు ఆరోపించారు.

"నేనేం జేచ్చా మేడమ్, పరీక్ష చేయకుండా అది ఊరగాయని ఎట్ల తెలుచ్చాది?" అన్నాడతను శాంతంగా.

గుంటూరు అబ్బాయి వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఇక పంపొద్దని చెప్పేశాడు. సీసాలు దాచుకున్నవాళ్ళంతా వాడి వెనక చేరారు. ఉమ్మడి బల్ల దగ్గర కూర్చోం అంటూ మెస్సుకు రావడం మానేసి, గదుల్లో కెటిల్‌లో అన్నం వండుకుని దాచిన ఊరగాయతో తినసాగారు. మిగిలినవాళ్ళు మెస్సులో ఖాళీ సీసాల ముందు కూర్చుని సమానంగా పప్పన్నం తినేవాళ్ళు.

అంతటితో ఆగలేదు. కరీంనగర్ అమ్మాయి ప్రధానమంత్రి అయింది. మెస్సుకు రాజ్యాంగం రాయడం మొదలుపెట్టారు. పెరుగు పొందే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చారు. ఆదివారం చేపల కూర మాత్రం ఆదేశిక సూత్రాల్లో పెట్టారు, అంటే కోర్టుకు వెళ్ళి అడగడానికి వీల్లేదు. నన్ను ఏకగ్రీవంగా రాష్ట్రపతిని చేశారు. నాకు అధికారాలేవీ లేవని పక్క పేరాలోనే రాశారు. అయినా నేను సంతోషంగానే ఒప్పుకున్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఒక మధ్యాహ్నం భోజనం చేసి లేస్తుంటే ఆంటీ దగ్గరకొచ్చింది.

"మేడమ్, మీతో ఒక మాట సెప్పాలండి."

"చెప్పండి ఆంటీ."

"నిన్న చౌధరీ సాబ్ వొచ్చి సూసెల్లాడండి. కమరా అంతా ఖాళీగా ఉంది, జిమ్ పెట్టుకోడానికి ఎవులో అడుగుతున్నారు, కాళీ సేసెయ్ అన్నాడు. కాళ్ళా ఏళ్ళా పడితే, ఆదోరం మజ్జానం భోజనాల యేళకి వొత్తాను, జనం తింటా కనపడితే ఠీక్ హై, నేకపోతే ఎల్లిపో అన్నాడండి. పిల్లకి పదో క్లాసు పరీచ్చలు ముందరున్నాయి. ఇప్పుడు నానెక్కడికెల్తానండి?"

చౌధరీ ఆ బిల్డింగు యజమాని. ఆ సందులో సగం ఇళ్ళు ఆయనవే. ఆంటీ ఏడవలేదు. వంటగదిలో మిగిలిపోయిన పప్పు గిన్నె వంక ఒకసారి చూసి ఊరుకుంది.  ఆవిడ బతుకు ఆ గది మీద ఉంది. పరాయి ఊళ్ళో అన్నం పెట్టే చెయ్యి పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు, పిల్లలకు కూడా తెలుసు. కానీ వాళ్ళు రాజ్యాంగం మధ్యలో ఉన్నారు.

అందరినీ విడివిడిగా పిలిచి చెప్పాను. ఆంటీ అంటే అందరికీ ప్రాణమే. కాకపోతే ఎవరి షరతు వాళ్ళకుంది.

"ముందు వాళ్ళను వచ్చి కూసొమ్మనండి మేడమ్, తర్వాత మాట్లాడుకుందాం" అంది ప్రధానమంత్రి.

"ముందు మా సీసాలు ఇచ్చేయమనండి, ఇప్పుడే వచ్చి కూర్చుంటా" అన్నాడు గుంటూరు అబ్బాయి. పైగా జాతీయీకరణ చెల్లదని పిటిషన్ వేశాడు. విచారణ ఆదివారం మధ్యాహ్నం. న్యాయమూర్తిగా బీహార్ అబ్బాయిని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అతనికి తెలుగు రాదు కాబట్టి ఎవరి మాటలకూ లొంగడని నమ్మకం.

ఆదివారం వచ్చింది. అన్నానికి రానివాళ్ళంతా వాదనకు వచ్చారు. దగ్గర్లోని మునిర్కా నుంచి కూడా తెలుగు పిల్లలు వేడుక చూడటానికి దిగారు. గదిలో చోటు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ఆంటీ పెద్ద గిన్నెల నిండా వండి పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే పోయింది. ఎందుకంటే ఒక్కడూ కంచం ముట్టుకోలేదు. ప్రతిపక్షం తీర్పు వచ్చేదాకా నిరాహారదీక్ష అంది. కోర్టు నడుస్తుండగా తినడం ధిక్కారమని అధికారపక్షం చేతులు కట్టుకుంది. చౌధరీ ఏ నిమిషాన్నయినా రావచ్చు. వస్తే ఖాళీ కంచాల చుట్టూ కూర్చుని అరుచుకుంటున్న మనుషులు కనబడతారు.

నేను లేచి నిలబడ్డాను. "నేను మీ రాష్ట్రపతిని. అత్యవసర పరిస్థితి ప్రకటిస్తున్నాను. అందరి హక్కులూ రద్దు. నోళ్ళు మూసుకుని కూర్చుని అన్నం తినండి!"

జీవితమంతా ప్రజాస్వామ్యం గురించి పాఠం చెప్పిన మనిషిని, అవసరం వచ్చేసరికి నాకు తోచింది అదీ.

 కరీంనగర్ అమ్మాయి లేచింది. "కుదరదు మేడమ్. మంత్రివర్గం రాతపూర్వకంగా సలహా ఇయ్యకుంటే మీరు ప్రకటించరాదు. మీరే చెప్పిన్రు."

"అవునండీ, నోట్సులో ఉంది" అన్నాడు గుంటూరు అబ్బాయి. పచ్చళ్ళ గొడవ మొదలయ్యాక ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది అదే మొదటిసారి. నేను చెప్పిన పాఠం వాళ్ళ బుర్రకెక్కిందని ఆనందించాలో, ఏడవాలో తెలియక కూర్చుండిపోయాను.

న్యాయమూర్తి గొంతు సవరించుకున్నాడు. ఇరుపక్షాల వాదనలూ అప్పటికే చాలాసేపు విన్నాడు, అందులో సగం అర్థం కాలేదు. హిందీలో అతను చెప్పిందేమిటంటే: మీరంతా ఊరగాయ ఎవరిదని కొట్టుకుంటున్నారు. ప్రభుత్వానిదా, ఈ అబ్బాయిదా అని. ఇతను మాత్రం ఏం చేశాడు, పార్సిల్ విప్పాడు. పెట్టినావిడది కదా ఊరగాయ? ఆవిడ వాదన వినకుండా తీర్పు ఎలా ఇస్తాను? "మాతాజీ కో ఫోన్ లగాఓ."

గుంటూరు అబ్బాయి గతుక్కుమన్నాడు. కానీ కోర్టు ఆజ్ఞ. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఏరా, అన్నం తిన్నావా?" అంది అవతలనుంచి గొంతు, హలో కూడా అనకుండా.

"లేదమ్మా, ఇక్కడ కోర్టు జరుగుతుంది."

"కోర్టా! ఏం చేశావురా నాయనా? ఏవండీ, ఇట్రండి!"

పరిస్థితి చెయ్యిదాటేలా ఉందని కరీంనగర్ అమ్మాయి ఫోన్ లాక్కుంది. "ఆంటీ, కంగారుపడకుర్రి. ఏం గాలె. మీ పచ్చళ్ళను మేం జాతీయం చేసినం."

"ఏం చేశారమ్మా?"

 ఎన్నడూ నిర్వచనం కోసం తడుముకోని పిల్ల తడుముకుంది. "అంటే... అందరం గల్సి తిన్నం ఆంటీ."

  మెట్ల మీదివాళ్ళు కూడా మెడలు సాచి వింటున్నారు.

"అందరికీ సరిపోయిందా?" అంది ఆవిడ.

 ఆ అమ్మాయే మెల్లగా, "మస్తుగుండె ఆంటీ, ఇంక కావాల్నని కొట్టుకున్నం" అంది.

"మరి వీడు ఇంక పంపొద్దన్నాడేంది? నా చేతి ఉప్పు ఎక్కువైందో, కారం చెడిందో, పిల్లలు వెక్కిరించారో అని అప్పట్నుంచీ నాకు నిద్ర లేదమ్మా! ఈ ఏడు ఆవకాయ మళ్ళా పెట్టి జాడీలో అట్టే ఉంచా."

గుంటూరు అబ్బాయి తల వంచుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నాకు కళ్ళు చెమర్చాయి. సొంత ఆస్తి లేకపోతే ఎవరూ ఉత్పత్తి చేయరని నేను ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. ఇక్కడ ఉత్పత్తి చేసినావిడ ఒక్కరోజు కూడా ఆపలేదు. ఆపింది సీసా మీద పేరున్నవాడు. ఈ సంగతి ఏ వ్యవస్థ కింద రాయాలో నాకిప్పటికీ తెలియదు.

"అంతా కలిసి తింటున్నారా, మంచిదే" అని ఆవిడే అందుకుంది. "కానీ తడి గరిటె పెట్టినవాడి చెయ్యి విరగ్గొట్టండి, నేను చెప్పానని చెప్పండి. సరే గానీ, టైమెంత అవుతుందసలు? ఇంకా తినకుండా ఏం చేస్తున్నారక్కడ? ఫోన్ పెట్టేసి కూర్చోండి అందరూ!"

కూర్చున్నారు. రాష్ట్రపతి అత్యవసర పరిస్థితికి కదలనివాళ్ళు, ప్రధానమంత్రి, ప్రతిపక్షం, ఇన్‌స్పెక్టర్, చివరికి న్యాయమూర్తి కూడా, బాసింపట్లు వేసుకుని కంచాల ముందు కూర్చున్నారు. ఆంటీ ఒక్క పరుగున గిన్నెలు తెచ్చి వడ్డించడం మొదలుపెట్టింది. గుంటూరు అబ్బాయి తన బ్యాగ్ తెరిచి, అంతవరకు దాచిన గోంగూర సీసా తీసి నడిమి బల్ల మీద పెట్టాడు. గరిటెను చొక్కాతో తుడిచి మరీ పెట్టాడు.

అప్పుడు వచ్చాడు చౌధరీ. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి అడుగు పెట్టడానికి చోటు లేదు. ఒకడి మోకాలి మీద ఇంకొకడి కంచం. మెట్ల మీద వరసగా తింటున్నారు. అంతా ఒకేసారి తెలుగులో మాట్లాడుతున్నారు.

"ఇత్నే లోగ్?" ఇంతమందా అన్నట్టు నోరు తెరిచాడు ఆయన.

ఆంటీ ఆ తెరిచిన నోటిని వృథా పోనివ్వలేదు. చౌధరీని స్టూలు మీద కూర్చోబెట్టి, అన్నంలో గోంగూర కలిపి నెయ్యి వేసి కంచం చేతికిచ్చింది. ఆయన మొదటి ముద్దకు దగ్గాడు. రెండో ముద్దకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మూడోదానికి కంచం ముందుకు చాపి ఇంకొంచెం వెయ్యమన్నాడు. మీసాల కిందినుంచి చెమట కారుతుండగా, "ఠీక్ హై, ఠీక్ హై, మెస్ చలావో" అంటూ మెస్సు నడుపుకోమన్నాడు.

పిల్లలు గోల చేశారు. ఒకరినొకరు కౌగలించుకున్నారు. జాతీయీకరణ రద్దయింది. ఎవరి సీసా వాళ్ళదే, కానీ కొత్త సీసా ఎవరు తెరిచినా మొదటి గరిటె నడిమి బల్ల మీది గిన్నెకు. పన్ను అన్నమాట. ఆ సవరణ ప్రతిపాదించింది గుంటూరు అబ్బాయి. రాజ్యాంగంలో మిగతాదంతా కొట్టేసి ఒక్క వాక్యం ఉంచారు: తడి గరిటె పెట్టరాదు. బీహార్ అబ్బాయి మిరపకాయ ఊరగాయను కూడా ఆ రోజు అందరూ తిన్నారు. బాగుందని కూడా అన్నారు. అతను నమ్మాడు.

ఈ సంబరంలో ఎవరూ గమనించలేదు గానీ, నేను చూశాను. చెయ్యి కడుక్కుంటున్న చౌధరీ పక్కన ఆంటీ నిలబడి ఉంది. నేను ఎన్నడూ వినని గట్టి హిందీలో మాట్లాడుతోంది. సారాంశం: చూశారుగా సాబ్, జనం మెట్ల మీద కూర్చుని తింటున్నారు, ఈ ఒక్క గదేం సరిపోతుంది, డాబా మీద రేకుల షెడ్డు కూడా ఇప్పించండి, అద్దె మాత్రం ఇదే ఉంచండి. పొద్దున దాకా గది పోతుందని బెంగపడ్డ మనిషి! చౌధరీ తల గోక్కున్నాడు. ఆంటీ ఆయన చేతిలో చిన్న గోంగూర పొట్లం పెట్టింది. ఆయన తల ఊపాడు.

మర్నాడు మెస్సు గోడమీద, రాజ్యాంగం ఉన్నచోట, ఇంకో కాగితం అంటించి ఉంది. ఒకటో తారీఖు నుంచి భోజనం రేటు పెంచుతున్నట్టు. తీర్మానం లేదు, చర్చ లేదు, ఓటింగ్ లేదు. చెంచాడు మాగాయ గురించి కమిషన్లు వేసిన పిల్లలు ఆ కాగితం చదివి, బుద్ధిగా చేతులు కడుక్కుని కూర్చున్నారు. నేను కూడా కూర్చున్నాను. ఆవిడ పెట్టిన పప్పు ఆ రోజు ఎప్పటికంటే కమ్మగా ఉంది, ఆవిడ ఇంకా అక్కడే ఉంది కాబట్టి.

ఆ సాయంత్రం క్లాసులో కొత్త అధ్యాయం మొదలుపెట్టాలి. బోర్డు మీద శీర్షిక రాసి, వెనక్కి తిరిగి అడిగాను.

"మార్కెట్లో వస్తువు ధరను ఎవరు నిర్ణయిస్తారు?"

ఒక్కరూ పుస్తకం తెరవలేదు. ఒక్కరూ పైకప్పు వంక చూడలేదు. అధికారపక్షం, ప్రతిపక్షం, ముందు వరస, వెనక వరస, క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది.

"ఆంటీ!"

కోచింగ్ సెంటర్ వాళ్ళ ఆన్సర్ కీలో ఆ జవాబు లేదు. నేను మాత్రం అందరికీ పూర్తి మార్కులు వేశాను.